కొత్త జిప్సం గోడకి పెయింట్ వేశాక జాయింట్లు ఎందుకు తేలతాయి?

భీమవరం, అమలాపురం, తణుకు, కాకినాడ, ఎటు వెళ్లినా ఈమధ్య కట్టే ఇళ్లలో ఇటుక గోడలతో పాటు ఎక్కడో ఒకచోట జిప్సం బోర్డు ఉంటోంది. హాల్లో ఫాల్స్ సీలింగ్ అయితే మామూలైపోయింది, పెద్ద గదిని రెండు చేయాలంటే పార్టిషన్, టీవీ వెనక ప్యానెల్, పాత డాబా మీద గది వేస్తే బరువు పడకుండా బోర్డు గోడ. పనంతా అయ్యాక ఇంటివాళ్లు అడిగేది మాత్రం ఒకటే, రంగు వెయ్యకముందు చేత్తో తడిమితే నున్నగా ఉందండి, వేశాక పొద్దున్న ఎండ పడితే నిలువునా గీతలు కనిపిస్తున్నాయి, పెయింట్ మంచిది కాదేమో అని. పెయింట్ తప్పయ్యేది చాలా అరుదు. ఆ గీతలు డబ్బా మూత తియ్యకముందే గోడలో ఉన్నాయి, తెల్లటి బోర్డు మీద తెల్లటి లప్పం కాబట్టి అప్పుడు కళ్లకి ఆనలేదంతే.

ఇక్కడ రెండు వేరువేరు సంగతులు కలిసిపోతాయి, వాటిని విడదీసి చూస్తే సగం పని అయిపోయినట్టే. మొదటిది ఎత్తుపల్లం. బోర్డూ బోర్డూ కలిసే జాయింటు దగ్గర కాస్త ఉబ్బో, కాస్త గుంటో ఉంటే పక్కనుంచి వెలుతురు పడ్డప్పుడు నీడ పడుతుంది, ఆ నీడే మనకి గీతలా కనిపిస్తుంది. రెండోది పీల్చుడు. బోర్డు మీదున్న కాగితం తడిని ఒకలా పీలుస్తుంది, జాయింటులో నింపే కాంపౌండ్ అనే ముద్ద ఇంకోలా పీలుస్తుంది. పెయింట్లోని నీళ్లు, బైండరు అనే జిగురు ఒకచోట లోపలికి ఎక్కువ పోయి ఇంకోచోట పైనే ఉండిపోతే రంగు ఒకటే అయినా మెరుపు తేడా వస్తుంది, జాయింటు పొడవునా ఒక పట్టీ వేసినట్టు అవుతుంది. ఎత్తుపల్లం కాంపౌండ్‌తో పోతుంది, ప్రైమర్‌తో పోదు. పీల్చుడు తేడా ప్రైమర్‌తో పోతుంది, జాయింటు మీద ఎంత లప్పం రుద్దినా పోదు. మన దగ్గర పని చెడేది చాలాసార్లు ఈ రెండిట్లో ఏది ఏదో చూసుకోకుండా అన్నిటికీ ఇంకో కోటు పెయింట్ వెయ్యడం వల్లే.

మీ గోడకి ఉన్నది ఏ రోగమో తెలుసుకోవడం తేలికే. లైట్లు ఆర్పి ఒక టార్చి గోడకి ఆనించినంత దగ్గరగా పెట్టి వెలుతురు గోడ పొడవునా పారేలా చూడండి. ఉబ్బుకి ఒక పక్క నీడ, ఒక పక్క వెలుగు పడతాయి. నీడేమీ లేదు, ఎదురుగా నిలబడితే రంగు ఒకటే ఉంది, పక్కకి జరిగి ఏటవాలుగా చూస్తే మాత్రం పట్టీ కనిపిస్తోంది అంటే అది పీల్చుడు తేడా.

అసలు ఈ బోర్డు పుట్టిందే తడి పని తప్పించడానికి. 1894లో అమెరికాలో అగస్టిన్ సాకెట్ అనే ఆయన కాగితాల మధ్య ప్లాస్టర్ పెట్టి పలకలు చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, అక్కడి నుంచి పెరిగి పెరిగి ఇప్పుడున్న జిప్సం బోర్డు వచ్చింది. లోపల జిప్సం, రెండు పక్కలా కాగితం. మన ఊళ్లలో ఎక్కువగా వాడేది 12.5 మిల్లీమీటర్ల మందం, 6 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పు ఉండే బోర్డు. బాత్రూం పక్కన వాడడానికి తేమ తట్టుకునేది వేరే ఉంటుంది, దాని కాగితం సాధారణంగా పచ్చగా ఉంటుంది. ఏ బోర్డయినా సరే మన పెయింటర్ పని చేసేది జిప్సం మీద కాదు, కాగితం మీద. ఇది బాగా గుర్తుంచుకోవాలి ఎందుకంటే సిమెంట్ గోడ మీద జీవితమంతా పని చేసిన చెయ్యి అలవాటు కొద్దీ లప్పం పెట్టే ముందు గోడని తడుపుతుంది, సిమెంట్‌కి అది మంచిదే, కాగితానికి మాత్రం చేటు. తడిసిన కాగితం నూగు లేస్తుంది, బుడగ కడుతుంది, అంచుల దగ్గర జిప్సాన్ని వదిలేస్తుంది.

జాయింటు సంగతికి వద్దాం, అసలు కథంతా అక్కడే. బోర్డుని పక్కకి తిప్పి చూస్తే పొడుగు అంచులు రెండూ కొద్దిగా పలచబడి ఉంటాయి. అలాంటి అంచులు రెండు పక్కపక్కన వస్తే మధ్యలో ఒక చిన్న పల్లం ఏర్పడుతుంది, జాయింటు పగలకుండా వేసే టేపూ, కాంపౌండూ ఆ పల్లంలో కూర్చుంటే పైన బోర్డుతో సమానంగా వచ్చేస్తుంది. పొట్టి అంచులకీ, కోసిన అంచులకీ ఆ పల్లం ఉండదు. అలాంటివి రెండు కలిసిన చోట టేపు వేస్తే అది బోర్డు కన్నా పైకి ఉంటుంది, దాని మీద కాంపౌండ్, అంటే ఉబ్బు ఖాయం. ఆ ఉబ్బుని తీసెయ్యలేం, కంటికి ఆనకుండా చెయ్యగలం, అటు ఒక అడుగు ఇటు ఒక అడుగు దాకా కాంపౌండ్ పలచగా లాగేస్తే ఏటవాలు ఎంత తగ్గిపోతుందంటే నీడ పడదు. లప్పం లాగే నాలుగంగుళాల రేకు పట్టీ పట్టుకుని కోసిన అంచు జాయింటు మీద నాలుగంగుళాలే లాగితే అది ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. బోర్డులు బిగించేటప్పుడే కోసిన అంచులు కిటికీ పక్కన, హాలు నడిమధ్యన రాకుండా లెక్క వేసుకోవాలి, బిగించేవాడు ఒకడూ పెయింటరు ఇంకొకడూ అవడం వల్ల ఈ లెక్క ఎవరూ వెయ్యరు.

ఒక జాయింటు సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చెప్తాను. ముందు సందులో కాంపౌండ్ నింపి, దాని మీద ఇంకో పలచటి పొర లాగి, అది పచ్చిగా ఉండగానే టేపు పెట్టి పైనుంచి కిందకి పట్టీతో నొక్కుతూ లాగుతారు, టేపు కింది నుంచి కాంపౌండ్ రెండు పక్కలా కొద్దిగా బయటికి రావాలి, అలా రాకపోతే కింద గాలి ఉన్నట్టు, రేపు అక్కడే బుడగ. అది ఆరాక ఎనిమిది పది అంగుళాల వెడల్పున రెండో పొర, అది కూడా ఆరాక పన్నెండు అంగుళాలో ఇంకా పైనో మూడో పొర. ప్రతి పొరా అంచుల్లో ఏమీ లేనట్టు కలిసిపోవాలి. మూడో పొర ఆరాక వెడల్పాటి పట్టీ అంచుని జాయింటుకి అడ్డంగా నిలబెట్టి చూడండి, పట్టీ మధ్యలో ఆని అటూ ఇటూ ఊగితే ఉబ్బు, మధ్యలో కింద నుంచి వెలుతురు కనిపిస్తే గుంట.

స్క్రూ తలల మీదా ఇదే శ్రద్ధ కావాలి. స్క్రూ తల కాగితం కన్నా వెంట్రుకవాసి లోపలికి వెళ్లాలి కానీ కాగితం చిరగకూడదు, చిరిగితే ఆ స్క్రూ బోర్డుని పట్టుకోదు, పక్కన ఇంకోటి వెయ్యాలి. కాగితం లేచిపోయి లోపలి గోధుమరంగు పొర బయటపడితే లేచిన ముక్కని బ్లేడుతో కోసేసి ప్రైమర్ ముట్టించి ఆరనిచ్చి అప్పుడు కాంపౌండ్ పెట్టాలి, నేరుగా పెడితే ఆ పొర తడి పీల్చి పొక్కులా లేస్తుంది. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్లలో స్క్రూ మీద పూత గీసుకుపోయి ఉంటే ఆ తల మీద మెటల్ ప్రైమర్ చుక్క పెట్టడం మంచిది, లేకపోతే తుప్పు మరక లప్పాన్ని దాటుకుని తెల్ల పెయింట్ మీద ఎర్ర చుక్కలా తేలుతుంది.

టేపు రెండు రకాలు, జాలీ టేపు, పేపర్ టేపు. జాలీ టేపుకి వెనక జిగురు ఉంటుంది కాబట్టి అంటించేసి పైన రుద్దేయొచ్చు, అందుకే పనివాళ్లకి అదంటే ఇష్టం. కానీ జాలీ టేపు వాడితే దాని మీద గట్టిగా సెట్ అయ్యే పొడి కాంపౌండే వాడాలి, డబ్బాలో వచ్చే రెడీమిక్స్ దాని మీద వేస్తే పగుళ్లు వచ్చే అవకాశం ఎక్కువ. పేపర్ టేపు కష్టం, చెయ్యి తిరగాలి, అయితే జాయింటు పగలకుండా పట్టుకోవడంలో అదే మేలు, మూలల్లో అయితే మధ్యలో మడత కూడా ఉంటుంది కాబట్టి నేను దానికే ఓటేస్తాను. అసలు టేపే వెయ్యకుండా సందులో పీఓపీ కుక్కేసి పైన లప్పం లాగేవాళ్లు కూడా ఉన్నారు. పీఓపీ గబగబా గట్టిపడుతుంది, పని అయిపోయినట్టే కనిపిస్తుంది, కానీ బోర్డు బిగించిన ఇనుప ఫ్రేము కొద్దిగా కదిలినా, తలుపు నాలుగుసార్లు గట్టిగా వేసినా ఆ సందు వెంట వెంట్రుకలా పగులు వచ్చేస్తుంది, దాని మీద ఎన్నిసార్లు పూసినా మళ్లీ అక్కడే.

కాంపౌండ్‌లో కూడా రెండు రకాలు, మన డెల్టాలో ఈ తేడా మిగతా చోట్ల కన్నా ఎక్కువ ముఖ్యం. పొడిగా వచ్చి నీళ్లు కలిపేది రసాయనికంగా గట్టిపడుతుంది, బయట ముసురు పట్టినా దాని టైముకి అది సెట్ అవుతుంది. రెడీమిక్స్ మాత్రం లోపలి నీళ్లు గాల్లోకి పోతేనే గట్టిపడుతుంది. చుట్టూ కాలవలు, వరి చేలు, రొయ్యల చెరువులు, గాల్లో అసలే తేమ, శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టిందంటే ఆరేసిన బట్టలు రెండు రోజులైనా చెమ్మగానే ఉంటాయి, ఆ గాల్లోకి గోడ నీళ్లు ఎలా వదులుతుంది? పైన చేత్తో ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చి. దాని మీద ఇంకో పొర వేసి, రుద్ది, పెయింట్ కూడా వేసేస్తే లోపలి పొర తర్వాత నిదానంగా ఆరుతూ కుంచించుకుపోతుంది, జాయింటు మొత్తం లోపలికి దిగిపోతుంది. పని అయిన రోజు చక్కగా ఉండి నెలా రెండు నెలల తర్వాత గుంటలు పడటం అంటే చాలావరకు ఇదే. వానాకాలంలో పని తప్పనిసరైతే మొదటి రెండు పొరలు పొడి కాంపౌండ్‌తో చేయించి, పైన రుద్దడానికి తేలిగ్గా ఉండే రెడీమిక్స్ ఆఖరి పొర ఒక్కటే వేయించండి, కిటికీలు మూసి ఫ్యానూ, ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో ఏసీ వెయ్యండి. బయట వాన పడుతుంటే గాలి రావాలని కిటికీలు తీసి పెట్టడం వల్ల లోపలికి తేమే వస్తుంది.

ఇక ముహూర్తం. గృహప్రవేశం తేదీ పంతులుగారు పెట్టేశాక వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే ఎప్పుడూ కోత పడేది ఈ కాంపౌండ్ ఆరడానికి కావాల్సిన రోజులకే. టైల్సు తగ్గవు, కరెంటు పని తగ్గదు, పెయింటర్నే తొందర పెడతాం, ఆయన పాపం మూడు పొరలు పెట్టాల్సిన చోట ఒకటే మందంగా పెట్టి రాత్రికి ఫోకస్ లైటు కింద రుద్దేస్తాడు. నా సలహా సూటిగా చెప్తాను, టైము లేకపోతే గృహప్రవేశానికి ప్రైమర్ దాకా ఆపండి. తెల్ల ప్రైమర్ వేసిన గోడ చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, మామిడి తోరణాలు కట్టుకోవచ్చు, పాలు పొంగించుకోవచ్చు, రంగు తర్వాత నిమ్మళంగా వేసుకోవచ్చు.

ఇప్పుడు లప్పం. అమెరికాలో జిప్సం అసోసియేషన్ వాళ్లు బోర్డు ఫినిషింగుని 0 నుంచి 5 దాకా లెవెల్స్‌గా పెట్టారు. నాలుగో లెవెల్ అంటే జాయింట్లకి టేపు, పైన ఇంకో రెండు పొరలు, మిగతా బోర్డంతా ఉత్త కాగితమే. ఐదో లెవెల్ అంటే ఇదంతా చేశాక గోడ మొత్తానికి ఒక పలచటి పొర. మెరిసే పెయింట్ వేసే చోట, పక్కనుంచి వెలుతురు గట్టిగా పడే చోట ఆ ఐదో లెవెల్ చెయ్యమంటారు. మన దగ్గర సిమెంట్ గోడ అలవాటు వల్ల బోర్డుకి కూడా గోడంతా రెండు కోట్లు లప్పం పెట్టేస్తాం, అంటే వాళ్లు ప్రత్యేకంగా డబ్బులు తీసుకుని చేసే పని మనకి మామూలుగానే జరిగిపోతోంది. దీని వల్ల పీల్చుడు తేడా చాలా వరకు తగ్గిపోతుంది, నిజంగా మంచి అలవాటే. చిక్కు ఎక్కడంటే ఆ లప్పం మీద ధైర్యంతో కింద జాయింట్లు సరిగ్గా చెయ్యరు. గోడంతా పెట్టిన లప్పం పగులుని ఆపలేదు, ఆపేది టేపే.

లప్పం ఏ రకమన్నది ఇంకో చిక్కు. మనకి అలవాటైనది తెల్ల సిమెంట్ పుట్టీ. అది సిమెంట్ ప్లాస్టింగ్ కోసం తయారైనది, నీళ్లు తాగి గట్టిపడేది. దాన్ని నేరుగా జిప్సం మీద పెట్టడం మంచిది కాదు, తేమ ఉన్నప్పుడు సిమెంటూ జిప్సమూ కలిసే చోట రసాయన చర్య జరిగి ఉబ్బే పదార్థం తయారవుతుంది, ఆ పొర పట్టు వదిలేస్తుంది, తేమ ఎప్పుడూ ఉండే మన ఊళ్లలో ఇది పుస్తకాల భయం కాదు. పైగా నీళ్లు ఎక్కువ కలిపిన పుట్టీ కాగితాన్ని నానబెడుతుంది. బోర్డు మీద గోడంతా లప్పం కావాలంటే జాయింట్లు ఆరాక ఒక కోటు ప్రైమర్, దాని మీద యాక్రిలిక్ పుట్టీ పలచగా, రుద్దాక మళ్లీ ప్రైమర్, అప్పుడు ఎమల్షన్. రెండుసార్లు ప్రైమర్ ఎందుకండీ ఖర్చు అని అనిపిస్తుంది, మొదటిది కాగితాన్ని కాపాడటానికి, రెండోది పైన పీల్చుడు సమానం చెయ్యడానికి, రెండిటి పని వేరు.

రుద్దడం గురించి. జాయింట్లకి 120 లేదా 150 నంబరు ఎమిరీ పేపర్‌తో మొదలుపెట్టి 180 లేదా 220తో ముగిస్తే చాలు. చేత్తో పట్టుకుని రుద్దితే వేళ్ల కింద గుంటలు పడతాయి, చెక్కముక్కకి చుట్టి రుద్దాలి. లప్పం పెట్టని బోర్డయితే కాంపౌండ్ అంచు దాటి కాగితం మీదకి ఎమిరీ వెళ్లకూడదు, వెళ్తే కాగితం నూగు లేచి పెయింట్ కింద గరుకు పట్టీలా మిగులుతుంది. రుద్దే మనిషికి మంచి మాస్కు ఇవ్వండి, తలగుడ్డ ముక్కుకి చుట్టుకుంటే ఆ సన్నపు పిండి ఆగదు, ఆయన ఊపిరితిత్తుల్లోకే పోతుంది, ఇంటి ఖర్చులో దాని ధర లెక్కలోకి కూడా రాదు. అయిపోయాక చీపురుతో దులిపి వదిలేయకుండా మెత్తటి పొడిగుడ్డతో గోడంతా తుడవాలి, పిండి మీద వేసిన ప్రైమర్ పిండినే పట్టుకుంటుంది కానీ గోడని కాదు.

ప్రైమర్ దగ్గర జరిగే అన్యాయం నీళ్లు. డబ్బా మీద ఎంత కలపమని ఉంటే అంతకి మించి కలిపేసి, డబ్బా ఎక్కువ గోడకి వచ్చిందని సంతోషిస్తారు. ఆ పలచటి ప్రైమర్‌ని కొత్త కుండ నీళ్లు పీల్చినట్టు కాంపౌండ్ పీల్చేసుకుంటుంది, పైన ఏమీ మిగలదు, మళ్లీ పీల్చుడు తేడా అలాగే ఉంటుంది. ప్రైమర్ బదులు ఎమల్షన్‌నే పలచన చేసి వేస్తామన్నా ఒప్పుకోకండి. ప్రైమర్ ఆరిన రోజే అసలు పరీక్ష రోజు, గోడంతా ఒకే తెలుపు అవుతుంది కాబట్టి అప్పటిదాకా దాక్కున్న గుంటలు, గీతలు టార్చి వెలుతురులో మొత్తం బయటపడతాయి. పెన్సిలుతో చుట్టూ సున్నా చుట్టి, చిన్న చిన్నగా లప్పం పెట్టించి, రుద్దించి, ఆ మచ్చల మీద మళ్లీ ప్రైమర్ ముట్టించాలి. ఈ ఆఖరి ముక్క దాదాపు అందరూ వదిలేస్తారు, అందుకే పెయింట్ తర్వాత ఆ సవరించిన చోట్లు మచ్చల్లా మిగులుతాయి.

పెయింట్ ఎంచుకునేటప్పుడు మెరుపు ఎంత ఎక్కువైతే గోడ లోపం అంత బయటపడుతుందని లెక్క. సీలింగ్‌కి మెరుపు లేని మ్యాట్ తప్ప ఇంకోటి వద్దు, ముఖ్యంగా చుట్టూ దాచిన ఎల్ఈడీ పట్టీ లైట్లు పెట్టించుకునేవాళ్లు, ఎందుకంటే ఆ లైటు సీలింగ్ మీద ఏటవాలుగా పారుతుంది, మనం పరీక్షకి పట్టుకున్న టార్చి రోజూ వెలుగుతున్నట్టే. తూర్పు కిటికీ పక్క గోడ కూడా అంతే. తుడుచుకోవడానికి వీలుగా ఉండాలని హాల్లో కొద్దిగా మెరిసే సాటిన్ కావాలనుకుంటే ఆ గోడకి గోడంతా లప్పం పెట్టించండి, ఉత్త జాయింట్లతో సరిపెట్టకండి. స్ప్రే వేస్తే తొందరగా అవుతుంది కానీ ప్రైమర్ స్ప్రే చేశాక వెంటనే దాని మీద రోలర్ తిప్పించాలి, కొద్దిపాటి రోలర్ గరుకు గోడంతా ఒకేలా ఉంటే చిన్న లోపాలు అందులో కలిసిపోతాయి.

బోర్డు వచ్చి ఇటుక గోడని తాకే గీత గురించి ఒక మాట. ఒకటి ఇనుప ఫ్రేము మీద ఉంది, ఒకటి ఇటుక, రెండూ ఎండకీ తేమకీ ఒకేలా కదలవు, ఆ సందులో లప్పం పెడితే ఏడాది తిరక్కుండా పగులుతుంది. పెయింట్ పట్టే యాక్రిలిక్ సీలెంట్ సన్నగా వేయించండి. సిలికాన్ వద్దు, దాని మీద పెయింట్ నిలవదు.

మన నేల సంగతి కూడా చూసుకోవాలి. భూగర్భజలం చాలా చోట్ల పైపైనే ఉంటుంది, తీరం దగ్గర ఉప్పు, ఇటుక గోడ కింది భాగాల్లో చెమ్మ ఎక్కి ఉప్పు పూయడం అందరం చూసేదే. అలాంటి గోడని బోర్డుతో కప్పేసి పైన రంగు వేస్తే అందం కొన్నాళ్లే, వెనక చెమ్మకి కాగితం బూజు పట్టి నల్ల చుక్కలు ముందుకి వస్తాయి. ముందు ఆ చెమ్మకి మందు వెయ్యాలి, కొత్త ప్లాస్టింగ్ అయితే పూర్తిగా ఆరాకే బోర్డు బిగించాలి. పార్టిషన్ బోర్డు నేలకి ఆనకుండా ఒక సెంటీమీటరు పైకి ఉంచి స్కర్టింగ్‌తో కప్పాలి, లేకపోతే రోజూ ఇల్లు తుడిచే నీళ్లు అడుగు నుంచి పీల్చుకుని కింద అంచు ఉబ్బిపోతుంది. 1986లో, మళ్లీ 2022లో గోదారి పొంగినప్పుడు నీళ్లు చూసిన లంక గ్రామాల్లో అయితే కింది గదుల్లో బోర్డు గోడ పెట్టుకోమని నేను చెప్పను, సీలింగ్ వరకు సరే, గోడలు ఇటుకే.

పని అయ్యాక మిగిలిన పెయింట్ పారెయ్యకుండా మూత గట్టిగా బిగించి, మీద గది పేరు, షేడ్ నంబరు రాసి దాచుకోండి. తర్వాత ఎక్కడైనా గీసుకుపోతే ఆ ఒక్క చోటే బ్రష్షు ముట్టిస్తే మచ్చ కొట్టొచ్చినట్టు కనపడుతుంది, సవరించిన చోట ప్రైమర్ వేసి, ఆ గోడ ఒక మూల నుంచి ఇంకో మూల దాకా రోలర్‌తో పూర్తిగా ఒక కోటు లాగించాలి.